మూడుసార్లు గాలి కొట్టాను, మూడుసార్లూ పోయింది

నిన్నటి సైకిల్ రైడ్ గురించి రాస్తున్నాను. కుడి బొటనవేలు ఇంకా మండుతోంది, స్పేస్ బార్ ఎడమ చేత్తో కొడుతున్నాను. మొత్తం 62 కిలోమీటర్లు, అంతా కొండల్లో మట్టి రోడ్డే. ఎక్కినదంతా కలిపితే 1,400 మీటర్లు. పూర్తి చేశాను. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతా పరువు తక్కువ సంగతులు నిమ్మళంగా చెప్పుకోవచ్చు.

మొదటి 20 కిలోమీటర్ల గురించి చెప్పడానికేం లేదు. చల్లటి పొద్దు, మెత్తటి మట్టి, ఆరుగురం, ఒకటే కబుర్లు.

కబుర్లు ఆగింది మొదటి ఎక్కుడు దగ్గర. కొన్నిచోట్ల 15 శాతం వాలు, అంటే వంద మీటర్లు ముందుకు పోతే పదిహేను మీటర్లు పైకి. నా బండికి ముందు 32 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్ద గేరుకి 51. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే 29 అంగుళాల చక్రం కూడా బండిని మీటరున్నర జరపదు. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు ఐదు కిలోమీటర్లే, నడిచేవాడి వేగం. విసుగొచ్చి సీటు మీంచి లేచి తొక్కాను. బరువు ముందుకు పోగానే వెనక చక్రం కంకరలో గిర్రున తిరిగి బండి ఆగిపోయినంత పనైంది. ఇలాంటి చోట సీటు కొసకి జరిగి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచి, ఓపిగ్గా తొక్కడం ఒక్కటే దారి. అలాగే ఎక్కాను, కాలు కింద పెట్టకుండా. మా ఆరుగురిలో అలా ఎక్కింది ఇద్దరమే. ఇంతకుమించి గొప్ప చెప్పుకునే అవకాశం ఈ కథలో మళ్లీ రాదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

34వ కిలోమీటర్ దగ్గర దిగుడులో వెనక టైరు మెత్తబడింది. ముల్లు. నాకేం టెన్షన్ లేదు. నాది ట్యూబ్‌లెస్, లోపల సీలెంట్ ఉంది, చిన్న రంధ్రమైతే అదే పూడ్చుకుంటుంది. బండి కొన్నప్పుడు షాపులో మెకానిక్ చెప్పిన మాట అక్షరాలా గుర్తుంది. "ఇంక పంక్చర్ అనే మాటే మర్చిపోండి సార్." అది ఎనిమిది నెలల కిందటి మాట. సీలెంట్ అంటే ద్రవంలో కలిపిన రబ్బరు పాలు. ఎండని బట్టి రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోస్తూ ఉండాలి. ఆ సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. టైరు విప్పి చూస్తే లోపల తెల్లటి రబ్బరు తొక్కలు, ఒక్క చుక్క తడి లేదు.

ముందున్న వాళ్లని కేకేశాను. "ఎవర్నీ వదిలేసి పోయేది లేదు, అందరం కలిసే" అని పొద్దున ప్రమాణం చేసిన మా నాయకుడు మలుపు దాటేశాడు. మిగతా నలుగురూ ఆయన వెనకే. ఫోన్‌కి సిగ్నల్ లేదు.

సరే, ట్యూబ్ వేద్దాం. దానికి ముందు ట్యూబ్‌లెస్ వాల్వ్ ఊడదీయాలి. రిమ్ముకి దాన్ని పట్టి ఉంచే చిన్న గుండ్రటి నట్టు చేత్తో బిగిస్తే సరిపోతుంది. మన మెకానిక్ దాన్ని పట్టకారుతో బిగించాడు. రుమాలు చుట్టి, దుమ్ము పూసి, దేవుళ్లందరినీ తలుచుకుని తిప్పాను. పావుగంటకి నట్టు వదిలింది, బొటనవేలి చర్మం కూడా. టైరు లోపల వేళ్లతో తడిమి ముల్లు తీశాను. ఇది మర్చిపోయి కొత్త ట్యూబ్ కూడా పొడిపించుకునే వాళ్లు చాలామంది ఉంటారు, నేను ఆ బాపతు కాదు. ట్యూబ్ వేసి చేతిపంపు తగిలించాను. గొట్టాన్ని వాల్వ్ మరల మీద తిప్పి బిగించే రకం పంపు. లెక్కపెట్టుకుంటూ 260 సార్లు కొట్టాను. టైరు గట్టిపడింది. గొట్టం తిప్పి తీశాను.

బుస్స్.

మొత్తం గాలి ఒక్క ఊపిరిలో పోయింది. ట్యూబ్ బాగాలేదనుకున్నాను. మళ్లీ గొట్టం తగిలించి కొట్టాను. చిత్రం, గాలి బ్రహ్మాండంగా నిలబడింది. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. చెవి టైరుకి ఆనించి విన్నాను. ఎక్కడా చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని గొట్టం తీశాను. బుస్స్. టైరు మళ్లీ విప్పి, ట్యూబ్‌ని అంగుళం అంగుళం బుగ్గకి ఆనించుకుని వెతికాను. బుగ్గకి గాలి తగిలితే చిన్న రంధ్రమైనా తెలుస్తుంది. కానీ గాలే లేని ట్యూబ్‌లో ఏం తగులుతుంది? పంపు తగిలిస్తే గాలి ఉంటుంది, తీస్తే ఉండదు. ఎండలో కూర్చుని పంపు తగిలించుకునే మిగతా 28 కిలోమీటర్లు తొక్కితే ఎలా ఉంటుందని నిజంగానే ఆలోచించాను.

మూడోసారి సగం కొట్టేసరికి వెనక నుంచి ఇద్దరొచ్చారు, ఒక తండ్రి, పద్నాలుగేళ్ల కొడుకు. తండ్రి ఆయాసపడుతూ నీళ్లు తాగుతున్నాడు. కుర్రాడు బండి మీంచి దిగకుండానే చూస్తూ నిలబడ్డాడు. నేను గొట్టం తిప్పడం మొదలుపెట్టగానే అన్నాడు, "అంకుల్, ఆగండి. మీరు పంపు తీయట్లేదు, వాల్వ్ కోర్ తీస్తున్నారు."

అప్పటికే ఆలస్యమైంది. బుస్స్. గొట్టం చివర చూస్తే, అందులో ఇరుక్కుని మెరుస్తూ నా వాల్వ్ కోర్.

జరిగిందేంటంటే, సన్న వాల్వ్‌లో లోపలి ముక్క, అంటే కోర్, మరలతో ఊడి వస్తుంది. అది వదులుగా ఉండి గొట్టం బిగువుగా ఉంటే, గొట్టం తిప్పినప్పుడు కోర్ దాంతో పాటే ఊడి వచ్చేస్తుంది. నా పంపు మరల్లో పాత సీలెంట్ ఎండి జిగురులా పట్టింది కూడా. గొట్టం మళ్లీ తగిలించినప్పుడల్లా దానిలో ఇరుక్కున్న కోర్ కూడా వాల్వ్‌లోకి తిరిగి బిగుసుకుంటోంది. అందుకే పంపు ఉన్నంతసేపూ అంతా సవ్యంగా కనిపించింది. మూడుసార్లు నేనే బిగించి, నేనే ఊడబీకి, నేనే ట్యూబ్‌ని తిట్టుకున్నాను.

కుర్రాడు సీటు కింద సంచిలోంచి అగ్గిపుల్లంత పనిముట్టు తీసి, గొట్టంలోంచి కోర్ లాగి, వాల్వ్‌లో పెట్టి గట్టిగా బిగించి ఇచ్చాడు. "కొత్త ట్యూబ్ కొనగానే ఇది బిగించుకోవాలి అంకుల్." రెండోసారి అంకుల్ అనక్కర్లేదు. వాళ్ల నాన్న నాకంటే పెద్దవాడే. థాంక్స్ చెప్పాను, మళ్లీ 260 కొట్టాను, ఈసారి చేతులు వణుకుతుండగా.

ఇక్కడ ఒక మాట. లక్షణమైన బండి కొని, గేరు పళ్లు లెక్కపెట్టి, ఏ టైరు ఎన్ని గ్రాములో వాదించుకునే మనలాంటి వాళ్లలో ఎంతమందికి ఈ ముక్క పేరు తెలుసు? నాకు తెలియదు, పరవాలేదు. ఆ బండి అమ్మినవాడికి తెలిసుండీ చెప్పలేదు చూడండి, అది పరవా ఉన్న విషయం.

ఈ తతంగానికి గంటన్నర పోయింది. నీళ్లు సగం ఆ గట్టు మీదే అయిపోయాయి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తింటూ ఉండాలని అందరికీ చెప్పే నేను, కోపంలో ఏమీ తినలేదు. రెండో ఎక్కుడులో దాని ఫలితం కనిపించింది. తొడలు నొప్పి పుట్టలేదు, అసలు ఉన్నట్టే తెలియలేదు. చివరి ఒకటిన్నర కిలోమీటర్ నడిపించుకుంటూ ఎక్కాను. మొదటి ఎక్కుడులో కొట్టుకున్న డప్పు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆఖరి దిగుడు రోడ్డంతా రేకు పైకప్పులా అడ్డంగా అలలు. వేగంగా పోయే బండ్ల చక్రాలే ఎగిరెగిరి పడుతూ వాటిని తయారుచేస్తాయట. బ్రేకులు నొక్కి పట్టుకోకుండా నొక్కి వదిలి, నొక్కి వదిలి దిగాను. అయినా కాలిన వాసన. 1976లో కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కుర్రాళ్లు పాత బరువు సైకిళ్ల మీద ఒక కొండ దారిలో పందేలు వేసుకునేవాళ్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాళ్లది. ఒక్కసారి దిగేసరికి చక్రం నడిమధ్య హబ్బులో గ్రీజు పొగై పోయేది, విప్పి మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అనే పేరు. వాళ్లని తలుచుకుంటే నా డిస్క్ బ్రేకుల మీద ఫిర్యాదు చేయడానికి నోరు రాలేదు.

నేను చేరేసరికి ఎవరూ లేరు. రాత్రి గ్రూపులో ఫోటో వచ్చింది, ఐదుగురూ బొటనవేళ్లు పైకెత్తి. కింద మా నాయకుడు "అందరం కలిసి పూర్తి చేశాం" అని రాశాడు. నేను జవాబివ్వలేదు. ఇంట్లో ఉన్న మూడు ట్యూబ్‌లు బయటికి తీసి ఒక్కొక్కటే తిప్పి చూశాను. రెండింటి కోర్లు వేలితోనే ఊడొచ్చాయి.