లిస్టులో లేని మనిషి

పోయిన నెల ఫైర్ డ్రిల్‌లో నన్ను అందరి ముందూ తిట్టారు. ముప్పై మందికి పైగా ఉన్నాం. అందులో సగం మంది నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. ఇంటికొచ్చాక కూడా ఆ మాటే చెవుల్లో తిరిగింది, వారం రోజులు సరిగా నిద్ర పట్టలేదు. తప్పు నాదా కాదా అన్నది ఇవాళ్టికీ పూర్తిగా తేలలేదు. రాస్తే తేలుతుందేమో అని రాస్తున్నాను.

మన దేశం వదిలి వచ్చి నేను ఇక్కడ పనిచేసేది ఎలక్ట్రిక్ బస్సుల డిపోలో, రాత్రి షిఫ్ట్. పది దాటాక బస్సులు ఒక్కొక్కటీ లోపలికొస్తాయి. లోపల ఊడ్చి, తుడిచి, ఛార్జింగ్‌కి పెడతారు. ఇంజన్ ఆపితే డీజిల్ బండి నిద్రపోయినట్టే. దీనికి ఆగాకే అసలు పని మొదలవుతుంది. తెల్లారేదాకా వందల వోల్టుల కరెంటు బ్యాటరీల్లోకి వెళ్తూనే ఉంటుంది. బండికీ బండికీ మధ్య మనిషి నడిచేంత జాగా, అంతే. 2021 సెప్టెంబరు 30న జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఒక డిపో అంటుకుని 25 బస్సులు కాలిపోయాయి. మా ట్రైనింగ్ మొదలయ్యేది ఆ ఫోటోతోనే. మిగిలిన ఇనప చట్రాలు వరుసగా, పార్క్ చేసినవి పార్క్ చేసినట్టే నిలబడి ఉంటాయి.

ఆ రాత్రి మూడో లైన్లో ఆరో బస్సు కింద నుంచి తెల్లటి పొగ వచ్చింది. డ్రిల్ కోసం పెట్టిన పొగే అది. నిజంగా బ్యాటరీ వేడెక్కినప్పుడు వచ్చేది కూడా తెల్లగానే ఉంటుందట, చూస్తే ఆవిరి అనుకుంటాం. అది ఆవిరి కాదు. లోపలి సెల్స్ ఒకదాని వేడికి ఒకటి పగులుతూ వదిలే గ్యాసు. అందులో హైడ్రోజన్ ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులను పాడుచేసే హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. మూసి ఉన్న చోట పోగైతే పేలిపోవచ్చు. అందుకే మాకు నేర్పింది ఒక్కటే. గోడ మీద ఎర్ర బటన్ కొట్టు, కేక వెయ్యి, అలారం మోగించు, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని అటు వైపుగా బయటికి వెళ్ళు. ఛార్జింగ్ గన్ పీకకూడదు. పక్క బస్సును జరపాలని చూడకూడదు. బటన్ కొడితే ఛార్జర్ ఆగుతుంది గానీ బ్యాటరీలో ఉన్నది ఎక్కడికీ పోదు. ఆరిపోయిందనుకున్నది గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్ళీ అంటుకుంటుంది.

ఇదంతా నాకు తెలుసు. పరీక్ష రాసి పాసయ్యాను. బటన్ కొట్టింది కూడా నేనే. బయటికి వచ్చి, అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ దగ్గర నిలబడ్డాను. అలవాటు కొద్దీ అందరినీ ఒకసారి చూశాను. క్లీనింగ్ చేసే పెద్దావిడ లేదు. ఆ టైమ్‌కి ఆవిడ ఎప్పుడూ మూడో లైన్లోనే ఉంటుంది. అంతే, నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. షట్టర్ దాటి నాలుగైదు అడుగులు వేశానో లేదో విజిల్ మోగింది.

మా ట్రైనర్ ఒకప్పుడు ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన మనిషి. "నువ్వు చచ్చిపోయావు," అన్నాడు. "ఇప్పుడు నీ కోసం ఇద్దరు లోపలికి వెళ్ళాలి. వాళ్ళకేమన్నా అయితే వాళ్ళ ఇళ్ళకి ఫోన్ ఎవరు చేస్తారు?"

నేను ఏదో చెప్పబోయాను, వినలేదు. సూపర్‌వైజర్ పేర్లు చదివి టిక్కులు పెట్టుకుని "అందరూ ఉన్నారు" అన్నాడు. ఆవిడ లేదు కదా అన్నాను. "ఆవిడ మన లిస్టులో ఉండదు, కాంట్రాక్ట్ వాళ్ళ మనిషి" అని ఎవరో అన్నారు. అప్పుడే ఏడో బస్సులోంచి ఆవిడ మెల్లగా దిగింది. వీపుకి వాక్యూమ్ మెషీన్, చెవులకి మఫ్స్. ఆ హోరులో అలారం వినపడనే లేదు. మా అందరినీ చూసి, ఏదో తప్పు చేసిన దానిలా స్విచ్ ఆపి నిలబడిపోయింది.

ట్రైనర్ అప్పుడు కూడా తన మాట వెనక్కి తీసుకోలేదు. నన్ను బాధపెట్టింది అదే.

మా బావకి ఫోన్‌లో చెప్తే, "మనిషి కోసం వెనక్కి వెళ్ళినందుకు మెచ్చుకోవాలి గానీ తిడతారా బావా? ఏం మనుషులయ్యా వాళ్ళు!" అన్నాడు. ఆ మాటతో కాస్త ఊరట కలిగింది, అబద్ధమెందుకు. మనకి సేఫ్టీ తెలియదని ఇక్కడ చాలామంది అనుకుంటారు. మన దేశంలో నేను పనిచేసిన గ్యారేజీలో గ్లౌజులు లేని మాట నిజమే. కానీ ఏ బండి కింద ఎవరున్నారో అందరికీ తెలిసేది. సెల్ఫ్ కొట్టే ముందు "కింద ఎవరన్నా ఉన్నారా?" అని కేక వేయకుండా ఎవరూ తాళం తిప్పేవాళ్ళు కాదు. కాంట్రాక్ట్ మనిషా, పర్మినెంటా అని ఆ కేక చూసేది కాదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి, ఆవిడ పేరు తప్ప. ఈ మాట మాత్రం ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

కానీ రాత్రుళ్ళు పని చేస్తూ ఆలోచించే కొద్దీ ట్రైనర్ అన్నదాంట్లోని నిజం కూడా వదల్లేదు. ఇక్కడ ఆరెంజ్ కేబుళ్ళ మీద, అంటే బస్సులో హై వోల్టేజ్ కరెంటు పారే తీగల మీద, పని చేసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు పని చేస్తారు, రెండోవారు ఇన్సులేషన్ ఉన్న పొడుగాటి కొక్కెం పట్టుకుని చూస్తూ ఉంటారు. కొత్తలో నాకిది ఒళ్ళు మండేది, ఒకడు కష్టపడుతుంటే ఇంకొకడు నిలబడి చూడటమేంటని. పని చేసేవాడికి షాక్ కొడితే చేత్తో పట్టుకోకుండా ఆ కొక్కెంతో లాగడానికట అది. చేత్తో పట్టుకుంటే ఇద్దరూ పోతారు. గ్లౌజులు కూడా అంతే. తొడుక్కునే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టి లోపల గాలి బంధించి, బుగ్గ దగ్గర పెట్టుకుని వింటాం. సూది మొనంత చిల్లున్నా గాలి సన్నగా తగులుతుంది. ఆ జత పక్కన పడేయాల్సిందే. కరెంటు కంటికి కనపడదు, చప్పుడు చేయదు, వాసన రాదు. డీజిల్ దగ్గర నేర్చుకున్న తెగువ దీని ముందు పనికిరాదు.

ఆ లెక్కన నేను చేసింది చేత్తో పట్టుకోవడమే. ఆవిడ మూడో లైన్లో ఉందని అక్కడ తెలిసింది నా ఒక్కడికే. నేను నాలుగు ఊపిర్లు పీల్చి పడిపోతే ఆ సంగతి నాతోనే పోయేది. ఫైర్ వాళ్ళు వచ్చాక నన్ను వెతికేవాళ్ళు, ఆవిడను కాదు. ఎందుకంటే లిస్టు ప్రకారం ఆవిడ లోపల లేదు. ఈ మాట తట్టిన రాత్రి కాసేపు స్పానర్ కింద పెట్టి కూర్చుండిపోయాను.

తర్వాత సోమవారం సూపర్‌వైజర్ పిలిచాడు. వార్నింగ్ లెటరేమో అని టెన్షన్ పడుతూ వెళ్ళాను. టేబుల్ మీద కొత్త లిస్టు ఉంది. క్లీనర్లు, టైర్ల వాళ్ళు, ఛార్జర్లు రిపేరు చేయడానికి బయట నుంచి వచ్చేవాళ్ళు, అందరికీ గేటు దగ్గర ట్యాగులు. లోపలికి వెళ్ళేటప్పుడు బోర్డుకి తగిలించాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. లైన్ల మధ్య అలారంతో పాటు వెలిగే లైట్లు పెట్టిస్తున్నామన్నాడు. ఇక నుంచి రాత్రి షిఫ్ట్ రోల్ కాల్ నువ్వే చెయ్యి అన్నాడు. ఇది ఎవరు చెప్పారని అడిగితే, ట్రైనర్ రాసిన రిపోర్టు నా ముందుకు జరిపాడు. అందులో నా తప్పు మొదటి లైన్లో ఉంది. నా ప్రశ్న రెండో లైన్లో ఉంది.

మొన్న మళ్ళీ డ్రిల్ జరిగింది. లిస్టు నా చేతిలో. ఆవిడ ఇంటిపేరు సరిగా పలకడం రాక రెండుసార్లు పిలిచాను. రెండోసారికి నవ్వి, చెయ్యెత్తి ట్యాగు చూపించింది. చివరికి ఒక ట్యాగు బోర్డు మీదే మిగిలింది. అప్రెంటిస్ కుర్రాడిది. పంతొమ్మిదేళ్ళుంటాయి, వాడికి పని నేర్పేది నేనే. నా కాళ్ళు మళ్ళీ షట్టర్ వైపు తిరిగాయి. లిస్టు రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడి, గొంతు వణుకుతున్నా ట్రైనర్‌కి వినపడేలా చెప్పాను.

"నాలుగో లైన్ చివర, ఛార్జర్ల గది పక్కన. ఒక్క మనిషి."