ఎలుగుబంటి అమ్మాయిల గుడి

గ్రీసు అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది కత్తి పట్టిన కుర్రాడు, వాడి చేతిలో చచ్చే రాక్షసుడు. థీసియస్, పెర్సియస్, హెర్క్యులీస్, అందరూ మగవాళ్లే. అమ్మాయి ఉందంటే బండకు కట్టేసి ఉంటుంది, లేదా దారపు ఉండ చేతికిచ్చి పక్కకు తప్పుకుంటుంది. టీనేజి పిల్లల కోసం ప్రాచీన గ్రీసులో నడిచే ఫాంటసీ నవల రాయడం మొదలుపెట్టినప్పుడు, అమ్మాయే నడిపించే కథ కావాలనుకున్నాను. వెతుకుతుంటే బ్రౌరాన్ దొరికింది. ఏథెన్సు ఆడపిల్లలు వేట దేవత ఆర్టెమిస్ కోసం ఎలుగుబంట్లుగా మారే చోటు. ఇది నేను కల్పించింది కాదు, నిజంగా జరిగిన ఆచారం. అది కళ్లారా చూడాలని, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను.

బ్రౌరాన్ ఏథెన్సుకు తూర్పున, దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో సముద్రానికి దగ్గరగా ఉంది. ఇప్పుడు వ్రవ్రోనా అంటారు. టాక్సీలో వెళ్లాం. దారంతా ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు. దిగేసరికి చుట్టూ చిత్తడి నేల, రెల్లు, కప్పల అరుపులు. ఎరసినోస్ అనే చిన్న ఏరు ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో వరదలొచ్చి ఈ గుడిని ఒండ్రుతో కప్పేశాయి. ఆ బురదే తర్వాత మేలు చేసింది. 1948లో యోన్నిస్ పాపదిమిత్రియు తవ్వకాలు మొదలుపెడితే, ఎప్పుడో కుళ్లిపోవాల్సిన చెక్క వస్తువులు కూడా బయటపడ్డాయి.

కథ ఇలా చెబుతారు. గుడి దగ్గర మచ్చికైన ఎలుగుబంటి ఒకటి ఉండేది. ఒక చిన్నపిల్ల దాంతో ఆడుకుంటూ సతాయిస్తే గీరింది. పిల్ల అన్నలు కోపంతో దాన్ని చంపేశారు. ఊళ్లో తెగులు పుట్టింది. ఏం చేయాలని దైవవాణిని అడిగితే, మీ ఆడపిల్లల చేత ఎలుగుబంటి ఆట ఆడించండని జవాబొచ్చింది. అది ఆడకుండా ఏ పిల్లకూ పెళ్లి చేయకూడదని ఏథెన్సు వాళ్లు కట్టడి చేసుకున్నారు. అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలు ఇలా 'ఆర్క్టోస్', అంటే ఎలుగుబంటి, అయ్యేవారని పాత వ్యాఖ్యానాలు చెబుతాయి. క్రీ.పూ. 411లో ఆరిస్టోఫేన్స్ రాసిన నాటకంలో ఆడవాళ్లు తాము చిన్నప్పటి నుంచి చేసిన దేవతల సేవలన్నీ వరసగా చెప్పుకుంటారు. కుంకుమపువ్వు రంగు బట్ట కట్టుకుని బ్రౌరాన్ లో ఎలుగుబంటినయ్యానని అందులో ఒక మాట.

ఇదంతా గుడి మెట్ల దగ్గర కూర్చుని మా అమ్మాయికి చెప్పాను. విని, "చంపింది అన్నలు కదమ్మా, మరి పిల్లలెందుకు తీర్చాలి?" అంది. నా నవలకు అంతకంటే మంచి ప్రశ్న నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

గుడిలో పునాదులే మిగిలాయి. పక్కన చిన్న పవిత్ర జలం ఊట, కప్పు కూలిన గుహ. ఇఫిజెనియా సమాధి ఇక్కడేనని నమ్మేవాళ్లు. తండ్రి ఆగమెమ్నాన్ బలివ్వబోతే ఆర్టెమిస్ తప్పించిన పిల్ల ఆమె. అన్నిటికంటే బాగా నిలిచింది మూడు వైపులా కట్టిన స్తంభాల మండపం. 1960లలో కొన్ని స్తంభాలు మళ్లీ నిలబెట్టారు. మండపం వెనక గదులున్నాయి. పిల్లలు ఇక్కడే పడుకునేవారని మొదట్లో అనుకున్నారు, ఇప్పుడు చాలామంది ఇవి విందు గదులంటున్నారు. గది వెడల్పు, వాకిలి మధ్యలో కాక ఓ పక్కకు ఉండడం చూశాక నాకూ అదే నిజమనిపించింది. అంటే నా కథలో పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటారో మళ్లీ ఆలోచించాలి. గుడారాలు వేయిస్తే? ఏటి ఒడ్డున, రెల్లు పక్కన. ఎలుగుబంటి అటు నుంచి రావడానికి వీలుగా కూడా ఉంటుంది.

మ్యూజియం కొంచెం నడిచి వెళ్లే దూరంలో ఉంది. మేం ఎక్కువసేపు గడిపింది అక్కడే. పాలరాతి చిన్నపిల్లలు. ఒకామె కుందేలును ఒడిసి పట్టుకుంది, ఇంకొకామె చేతిలో పిట్ట. బుగ్గలు నిండుగా, పెదవుల మీద కొంచెం నవ్వు. దేవతల విగ్రహాల్లో కనిపించే బిగువు వీటిలో లేదు, శిల్పి ఎదుట నిజంగానే ఒక పిల్ల నిలబడి ఉండాలి. ఇంకో అరలో క్రాటెరిస్కోస్ అనే చిన్న కుండలు, వాటి పెంకులు. వాటి మీద పరిగెత్తే అమ్మాయిలు, కొందరు పొట్టి బట్టల్లో, కొందరు ఏమీ లేకుండా. బొమ్మలు హడావుడిగా గీసినట్టున్నాయి, కానీ కాళ్ల ఊపు మాత్రం ఎంత బాగుందో! పెళ్లయ్యాక గడప లోపలే బతకాల్సిన పిల్లలు వీళ్లు. మొక్కు తీర్చడానికే తెచ్చినా, ఇక్కడ ఆరుబయట పరుగెత్తారు. నాకు ఆ రెండూ కావాలి, మోయాల్సి వచ్చిన అప్పూ, పరుగులోని ఆనందమూ. ఒకదాన్ని వదిలేస్తే కథ అబద్ధమవుతుంది.

ఫాంటసీకి కావలసిన భయం కూడా ఇక్కడి చరిత్రలోనే ఉంది. లెమ్నోస్ దీవిలో ఉన్న పెలాస్జియన్లు అనే జాతివాళ్లు బ్రౌరాన్ పండగకొచ్చిన ఏథెన్సు స్త్రీలను పడవల్లో ఎత్తుకుపోయారని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఆ స్త్రీలు తమ పిల్లలకు ఏథెన్సు భాష, పద్ధతులు నేర్పితే, ఆ పిల్లలు ఒకరికొకరు అండగా నిలబడడం చూసి భయపడి తల్లుల్నీ పిల్లల్నీ కూడా చంపేశారట. చదివినప్పుడు పాత గొడవలా అనిపించింది. సముద్రం ఇంత దగ్గరలో ఉందని చూశాక ఒళ్లు జలదరించింది.

మర్నాడు ఏథెన్సులో గుళ్లున్న కొండ, ఆక్రోపొలిస్ ఎక్కాం. లోపలికి అడుగుపెట్టగానే కుడివైపు బ్రౌరాన్ ఆర్టెమిస్ కు ఒక ఆవరణ ఉండేది. ఇప్పుడు బండలో చెక్కిన ఆనవాళ్లే ఉన్నాయి, జనం పెద్ద గుడి పార్థెనాన్ వైపు చూస్తూ దాటిపోతారు. బ్రౌరాన్ లో నాలుగేళ్లకోసారి వచ్చే పండగకు ఇక్కడి నుంచే ఊరేగింపు బయల్దేరేదని అంటారు. మనం అమ్మవారికి చీర పెట్టినట్టు ఆడవాళ్లు ఆర్టెమిస్ కు బట్టలు సమర్పించేవారు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ జాబితాలు రాతి మీద చెక్కించారు, ముక్కలు ఈ కొండ మీదే దొరికాయి. ఎవరి బట్ట, ఏ రకం, ఏ రంగు అన్నీ ఉన్నాయి. కొన్నిటి పక్కన 'చిరుగు పాత' అని, కొన్నిటి పక్కన 'సగం నేసింది' అని రాశారు. కాన్పులో చనిపోయిన ఆడవాళ్ల బట్టలు బ్రౌరాన్ లో ఇఫిజెనియాకు చెందుతాయని యూరిపిడీస్ నాటకంలో ఎథీనా దేవత చెబుతుంది.

నా నవల అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. తల్లి సగంలో వదిలేసి పోయిన బట్టను పదేళ్ల పిల్ల ఏథెన్సు నుంచి బ్రౌరాన్ దాకా మోసుకెళ్తుంది. ఎలుగుబంటి మాత్రం చావకూడదని మా అమ్మాయి షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. అన్నలు ఈటెలు తీసుకుని వచ్చే అధ్యాయం మొత్తం తిరగరాస్తున్నాను.