ఏమీ లేదులే

నాకు జలుబు పట్టుకున్నది జనవరి 7న. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు రెండో సంవత్సరం పిల్లల ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలు పెడుతూ ఒక రికార్డు మీదే తుమ్మాను. మా కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇల్లు కొత్తపేటలో. సంక్రాంతి ముందు ఆ రోడ్డు మీద పొద్దుటి చలికీ, మెట్రో వంతెన కింద పేరుకునే దుమ్ముకూ తట్టుకునే ముక్కు ఉండదు. అందుకని దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేయలేదు. నేను అసలే వేయలేదు. 11న అండమాన్ ప్రయాణం ఉంది మరి. టికెట్లు ఆగస్టులోనే కొన్నాం, రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాదు.

అత్తయ్య మిరియాల పాలు కాచి ఇచ్చారు. పసుపు వేసిన నీళ్లతో ఆవిరి పట్టించారు. "ఒంట్లో బాగాలేనప్పుడు సముద్రం మీదికి ఎందుకమ్మా" అన్నారు. ఆవిడకు రెండు చెవులూ సరిగ్గా వినపడవు కాబట్టి నేను గట్టిగా, దుప్పటి లోపలి నుంచే, "ఏమీ లేదులే అత్తయ్యా" అని అరిచాను.

విమానం పోర్ట్ బ్లెయిర్‌లో దిగేటప్పుడు ఎడమ చెవి మూసుకుపోయింది. ఆవలించాను, గుటకలు మింగాను, మా వాడిచ్చిన చూయింగ్ గమ్ నమిలాను. మర్నాటి పొద్దుటికి గానీ వదల్లేదు. పంతొమ్మిదేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నదాన్ని, అక్కడే ఆగి ఒక లెక్క వేసుకుని ఉండాల్సింది. విమానం లోపలి పీడనం నేల మీది పీడనంలో ముప్పాతిక వంతు ఉంటుంది. అంటే దిగే అరగంటలో చెవి సర్దుకోవాల్సింది పావు వంతు తేడాకు. నీళ్లలో అంత తేడా రావడానికి రెండున్నర మీటర్లు దిగితే చాలు. ఆ పావు వంతును సర్దుకోవడానికే నా చెవికి ఒక రాత్రంతా పట్టింది. నేను వేసిన లెక్క మాత్రం వేరు: స్కూబాకు, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపలికి దిగడానికి, తలకు నాలుగున్నర వేల చొప్పున ఇద్దరికి ముందే కట్టేశాం.

ఇద్దరం అంటే నేనూ మా అబ్బాయీ. మా వారికి బకెట్‌లో నీళ్లన్నా అనుమానమే. ఒడ్డున కూర్చుని ఫొటోలు తీసే పని ఆయన ముందే ఖాయం చేసుకున్నారు. వాడికి పందొమ్మిదేళ్లు వచ్చాక నాతో కలిసి చేస్తానన్న పని ఇదొక్కటే. ఇది మాత్రం డబ్బు లెక్కలోకి రాదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో హావ్‌లాక్ వెళ్లాం. 2018లో ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు, టికెట్ మీద అలాగే ఉంటుంది, జనం నోట మాత్రం హావ్‌లాకే. భోగి రోజు పొద్దున్నే తీరానికి చేరాం. హైదరాబాద్‌లో మా వీధిలో పాత కుర్చీలు మంటలో వేసే వేళకు నేను నల్లటి రబ్బరు బట్టలో ఇరుక్కుంటున్నాను. అంతకు గంట ముందే ముక్కులో చుక్కలు వేసుకున్నాను. గాలి హాయిగా ఆడుతోంది. ముక్కు తెరుచుకుంటే చెవి కూడా తెరుచుకున్నట్టేనని నాకు నేనే చెప్పుకున్నాను.

ముందు ఒక కాగితం ఇచ్చారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ ఉందా, చెవి, సైనస్ సమస్యలు ఉన్నాయా, ప్రస్తుతం జలుబు ఉందా. అన్నింటికీ ‘లేదు’ గడిలోనే వరుసగా టిక్కులు పెట్టాను. పరీక్ష పేపర్లు దిద్దే చేయి కదా, గీతలు చకచకా పడ్డాయి.

నన్ను తీసుకెళ్లే కుర్రాడు తెలుగువాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారట. ఆ ఊళ్లో మన వాళ్లు చాలామందే ఉన్నారు. కాగితం చూసి, నా గొంతు విని, "అక్కా, జలుబు ఏమైనా ఉందా?" అని అడిగాడు. "లేదు నాయనా, నా గొంతే అంత. రోజూ పాఠాలు చెబుతాను" అన్నాను. కాగితం మీది అబద్ధం ఇంగ్లీషులో ఉంది. ఇది తెలుగులో, మొహం మీదే చెప్పాను.

నడుము లోతు నీళ్లలో నిలబెట్టి సైగలు నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని. బాగుంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. బాగాలేకపోతే అరచేయి అటూ ఇటూ ఊపి, నొప్పి ఉన్నచోటు చూపించాలి. మీటరు దిగినప్పుడల్లా ముక్కు మూసుకుని మెల్లగా ముక్కులోకే ఊదాలి. అప్పుడు ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్లే సన్నటి గొట్టం తెరుచుకుంటుంది, కర్ణభేరికి రెండు వైపులా పీడనం సమం అవుతుంది.

మొదటి రెండు మీటర్లలో కుడి చెవి ‘టప్’ అంది. ఎడమది ఏమీ అనలేదు.

నీటి అడుగున నిశ్శబ్దంగా ఉంటుందని అంటారు గానీ అది నిజం కాదు. నా ఊపిరే కొలిమితిత్తిలా మోగుతోంది. బుడగలు చెవుల పక్క నుంచి గలగలా పైకి పోతున్నాయి. పగడాల మీద చారల చేపలు, ఒక పక్కన మా వాడు, వాడి కళ్లద్దాల వెనక నవ్వు. ఎడమ చెవిలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. కుర్రాడు ముందుకు వచ్చి ‘బాగుందా?’ అని సైగ చేశాడు. సున్నా చుట్టాను. ఇంకా దిగాం. బొటనవేలు పోయి సూది వచ్చింది. గట్టిగా ముక్కు మూసి ఊదాను, అలా ఊదకూడదని చెప్పినా. మళ్లీ సైగ. మా వాడు చూస్తున్నాడు. మళ్లీ సున్నా.

ఆ తర్వాత చెవిలో ఒక చిన్న చప్పుడు, తడి గుడ్డ చిరిగినట్టు. నొప్పి ఒక్కసారిగా పోయింది. ‘అమ్మయ్య, తెరుచుకుంది’ అనుకున్నాను. ఆ అనుకోవడం పూర్తయ్యేలోపే తల లోపలికి ఏదో చల్లగా పాకింది, సముద్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. పైన ఏదో కింద ఏదో తెలియలేదు. బుడగలు పక్కకు పోతున్నట్టు కనిపించాయి. అప్పుడు గానీ నా అరచేయి ఊగలేదు. అప్పటికే ఆ పిల్లవాడు నా భుజం పట్టీ పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, ఊపిరి తీసుకో అని చేత్తో చూపిస్తూ, మెల్లగా పైకి తెచ్చాడు. తిరుగుడు ఒక నిమిషం ఉందేమో, నాకు అదొక పూట. పైకి రాగానే వాంతి. ముక్కును కూడా కప్పే ఆ కళ్లద్దాల లోపల ముక్కు నుంచి వచ్చిన నెత్తురు. అతని చేతి గడియారంలో లోతు 6.4 మీటర్లు అని ఉంది.

అతను కోప్పడలేదు. "అక్కా, జలుబు ఉందని చెబితే రేపో ఎల్లుండో తీసుకెళ్లేవాడిని కదా" అన్నాడంతే.

తర్వాత మంచం మీద పడుకుని లెక్క వేశాను, చేయాల్సిన రోజు చేయని లెక్క. పది మీటర్ల నీరు ఒక వాతావరణ పీడనం. 6.4 మీటర్లంటే పైనున్నదానికి 0.64 అదనం. కర్ణభేరి వైశాల్యం అర చదరపు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. లోపలి గాలి అస్సలు సర్దుకోలేదనుకుంటే, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న పొర మీద 300 గ్రాములకు పైగా బరువు. ఏటా బోర్డు మీద రాసే బాయిల్ నియమమే, 1662 నాటిది. నాకు జలుబు ఉందో లేదో దానికి అనవసరం.

దీవిలోని ఆసుపత్రిలో డాక్టరు దీపం పెట్టి చూసి, పొరకు చిల్లు పడిందన్నారు. మాత్రలు రాసి, చెవిలోకి చుక్క నీరు పోకూడదన్నారు. మిగిలిన మూడు రోజులూ మా వారి పక్కన కుర్చీలో కూర్చుని సముద్రాన్ని కుడి చెవితో విన్నాను. తిరుగు విమానానికి భయపడ్డాను గానీ చిల్లు పడిన చెవి చాలా మర్యాదగా ప్రవర్తించింది. గాలి అటూ ఇటూ పోవడానికి దారి ఉంది కదా. ఏడిపించింది బాగున్న చెవే.

హైదరాబాద్‌లో మలక్‌పేటలో ఒక చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ సొరుగులోంచి శృతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) తీస్తే పాత స్నేహితురాలు కనిపించినట్టయింది. 512 హెర్ట్జ్, మా లేబొరేటరీలో ఉన్నదే. మోగించి నా నుదుటి మధ్య ఆనించి, ఏ వైపు ఎక్కువ వినపడుతోందని అడిగారు. ఎడమ వైపు! చెడిపోయిన చెవిలోనే. నేను పొరపడ్డానేమోనని రెండోసారి పెట్టమన్నాను. ఆవిడ నవ్వారు. బయటి గాలి దారి దెబ్బతిన్న చెవికి గది చప్పుళ్లు తక్కువగా చేరతాయి, ఎముక ద్వారా వచ్చే శబ్దం అందులో నిలబడి వినిపిస్తుందట. అదే బాగున్న చెవిలో ఎక్కువ వినపడి ఉంటే లోపలి నరానికి దెబ్బ తగిలినట్టు. "అప్పుడు నేను నవ్వేదాన్ని కాదు" అన్నారు. ముక్కు చుక్కల సంగతి చెప్పాను. అవి ముక్కును తెరుస్తాయి, వెనకున్న గొట్టం వాపును తగ్గిస్తాయన్న నమ్మకం లేదు అన్నారు. ఆ తిరుగుడు కూడా చల్లటి నీరు లోపలి చెవి దాకా తగలడం వల్లేనట. కావాలని చెవిలో చల్లటి నీళ్లు పోసి తల తిరుగుతుందా లేదా అని చూసే పరీక్షే ఒకటి ఉందట. ఆ పరీక్ష నేను డబ్బు కట్టి సముద్రంలో చేయించుకున్నాను.

ఆవగింజంత రంధ్రం. వినికిడి 35 డెసిబెల్స్ తగ్గింది. మందు పెద్దగా ఏమీ లేదు. స్నానం చేసేటప్పుడు వాజలిన్ రాసిన దూది పెట్టుకోవాలి, ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. మూడు నెలల్లో దానంతట అది మూసుకోకపోతే చిన్న ఆపరేషన్ చేసి పొర అతికిస్తారు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య చిన్న గిన్నెలో నువ్వుల నూనె, వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి సిద్ధంగా పెట్టారు. ఆ ఇంట్లో చెవి నొప్పులన్నీ తరతరాలుగా ఆ నూనెతోనే తగ్గాయి. చిల్లు ఉన్న చెవిలో పోస్తే లోపలికి దిగి చీము పడుతుందని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆవిడకు వినపడదు, నాకు నా గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. పక్కింటావిడ గొడవేమోనని తలుపు కొట్టింది.

ఒక చెవితో ఉండటం అంటే సగం వినడం అనుకునేదాన్ని. వినడం కంటే ముందు పోయేది దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటుతుంటే ఎడమ నుంచి వచ్చే ఆటో హారన్ కుడి నుంచి వచ్చినట్టుండేది. మొదటి వారం మా వారు చేయి పట్టుకుని దాటించారు, పెళ్లయిన కొత్తలో కూడా అలా పట్టుకోలేదు. తరగతిలో ఎడమ వరుస వెనక బెంచీ వాళ్లు ఏం మాట్లాడినా నాకు ఒక గుసగుసే. వాళ్లకు రెండు రోజుల్లో తెలిసిపోయింది. మంచి పిల్లలే, పెద్దగా వాడుకోలేదు.

ఫిబ్రవరి ప్రాక్టికల్స్‌కు ముందు అనునాద ప్రయోగం చేయించాల్సి వచ్చింది. శృతిదండం మోగించి గొట్టం మూతి దగ్గర పట్టుకుని, నీటి మట్టం దించుతూ, ఎక్కడ ధ్వని గట్టిగా లేస్తుందో పట్టుకోవాలి. 512కు అది దాదాపు 16 సెంటీమీటర్ల దగ్గర రావాలి. ఎప్పుడూ పిల్లలకంటే ముందు నేనే పట్టేదాన్ని. ఆ రోజు 14 దగ్గర ఒకటి, 18 దగ్గర ఒకటి ఉన్నట్టనిపించి, చివరికి ఏమీ తెలియక, "మీరే చెప్పండి" అన్నాను. ఎప్పుడూ నోరెత్తని ఒక అమ్మాయి, "ఇక్కడ మేడమ్" అంది. స్కేలు చూస్తే 16.1.

ఇంట్లో మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర మా వాడు ఏదో అన్నాడు, వాళ్ల నాన్న పడిపడి నవ్వారు. "ఏమిటిరా?" అన్నాను. మళ్లీ చెప్పాడు. అర్థం కాలేదు. "ఏమిటి?" అన్నాను. వాడు చేయి ఊపి, "ఏమీ లేదులే అమ్మా" అన్నాడు. అన్నం కలుపుతూ తల ఎత్తితే ఎదురుగా అత్తయ్య, అందరి మొహాలూ చూస్తూ, అందరూ నవ్వుతున్నారు కాబట్టి తానూ నవ్వుతూ. ఆరేళ్లుగా ఆవిడకు రోజుకు పదిసార్లు ఆ మాట చెప్పింది నేనే.

మార్చి చివర్లో, పదో వారంలో, డాక్టరమ్మ చూసి రంధ్రం మూసుకుందన్నారు. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఎడమ చెవి 15 డెసిబెల్స్ దగ్గర వినగలిగింది, అది మామూలే. ఈసారి అత్తయ్యనూ వెంట తీసుకెళ్లాను. రానన్నారు. తనకు వినికిడికేమీ లోటు లేదట, మేమే నోట్లో నోట్లో గొణుగుతామట. ఎలాగో ఒప్పించి అదే గదిలో కూర్చోబెట్టాం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా చేయి ఎత్తమని పరీక్ష చేసే అమ్మాయి ముందు కూర్చుని చూపించి, తలుపు వేసి బయటికి వచ్చింది.

అద్దంలోంచి చూస్తున్నాను. అత్తయ్య చీర కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, చేయి ఎత్తారు. దించారు. మళ్లీ ఎత్తారు. నా వైపు చూసి తల పంకించారు.

ఆ అమ్మాయి మిషన్ మీద చేయి పెట్టకుండా ఒక్క క్షణం ఆగి, నా వైపు తిరిగి, "నేనింకా మొదలుపెట్టలేదండీ" అంది.