పెళ్లి మాట అడగడానికి ఒక టేబుల్: విశాఖలో నా అనుభవం

పెళ్లి మాట అబ్బాయే ముందుగా ఎత్తాలని ఎక్కడా రాసి లేదు కనుక, ఆ మాట నేనే అడగాలని నిశ్చయించుకున్నాను. నిశ్చయం తేలికగానే జరిగింది. ఎక్కడ అడగాలన్నది తేలడానికే చాలా కాలం పట్టింది. మేమిద్దరం విశాఖపట్నం వాళ్లమే. అతను ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, నేను సిరిపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. పెద్దవాళ్లకు చెప్పే ముందు మా మధ్య ఆ మాట స్పష్టంగా జరగాలనీ, అది బస్‌స్టాపులోనో ఫోన్‌లోనో కాకుండా తీరిగ్గా, ఎదురెదురుగా కూర్చుని జరగాలనీ నా కోరిక.

హైదరాబాదులో ఉండే స్నేహితురాలు ఫలక్‌నుమా ప్యాలెస్ పేరు చెప్పింది. వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టించడం మొదలుపెట్టిన ఆ కొండ మీది భవనం 2010 నుంచి తాజ్ వారి హోటల్‌గా నడుస్తోంది. 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనబల్లకు అది ప్రసిద్ధి. నాకు కావలసింది ఇద్దరు కూర్చునే టేబుల్ మాత్రమే. పైగా పనేమీ లేకుండా హైదరాబాదు రమ్మని, అందులోనూ రాజభవనంలో భోజనానికని చెబితే, రైలు అనకాపల్లి దాటకముందే అతనికి సంగతి అర్థమైపోతుంది. అందుచేత ఊళ్లోనే, బీచ్ రోడ్డు మీదనే వెతకాలని అనుకున్నాను.

వెతకడం మొదలుపెట్టగానే ఎదురైన మొదటి విచిత్రం సూర్యాస్తమయం. సముద్రం మీద సూర్యాస్తమయాన్ని చూస్తూ భోజనం చేయవచ్చని ఒకచోట ప్రకటన చూశాను. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు సింహాచలం కొండల వైపు దిగిపోతాడే తప్ప నీళ్లలోకి దిగడు. అయితే ఆ తప్పుడు ప్రకటనే నాకు అసలు ఆలోచన ఇచ్చింది. తూర్పు తీరంలో సాయంత్రం సముద్రంలోంచి పైకి వచ్చేది చంద్రుడు. పౌర్ణమి నాడు చంద్రోదయం ఇంచుమించు సూర్యాస్తమయ వేళకే అవుతుంది కాబట్టి ఆకాశంలో ఇంకా వెలుతురుండి చంద్రుడు వెలవెలబోతాడు. ఆ తరువాత ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. కనుక పౌర్ణమి మరునాడు, చీకటి పడ్డాక, ఇంకా నిండుగానే కనిపించే చంద్రుడు ఎర్రగా నీళ్లలోంచి లేవడం చూడవచ్చు. రెస్టారెంటు కన్నా ముందు తేదీని ఎంచుకున్నది ఇందుకే.

కార్తిక పౌర్ణమికి బీచ్ అంతా దీపాలతో, జనంతో నిండిపోతుంది. అదీగాక అది తుపానుల కాలం. మాఘంలో పెళ్లిళ్ల మూలంగా హోటళ్లలో హాళ్లు ఖాళీ ఉండవు, బాజాలు మేడ మీదికి కూడా వినిపిస్తాయి. మధ్యలో నాకు కుదిరింది పుష్యం. ముహూర్తాలు లేని శూన్యమాసం కనుక హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి. శూన్యమాసంలో పెళ్లి ప్రస్తావనేమిటని మా అమ్మ అంటుందని తెలిసినా, అడగడానికి ముహూర్తంతో పని లేదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సంక్రాంతి సందడి తగ్గాక వచ్చిన పౌర్ణమి మరునాడు అతనికి ఏ షిఫ్టు పడుతుందో మాటల్లో పెట్టి ముందే కనుక్కున్నాను. బి షిఫ్టు అయితే రాత్రి పది దాకా విడుదల ఉండదు.

రెస్టారెంట్ల వేట అప్పుడు మొదలైంది. ఒకచోట మేనేజరుకు ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాను. వెంటనే వాట్సాప్‌లో ప్యాకేజీ వచ్చింది: గుండె ఆకారంలో బెలూన్లు, గులాబీ రేకుల దారి, బల్బులతో వెలిగే పెద్ద అక్షరాలు, కేకు, ఫొటోగ్రాఫరు. అన్నిటికీ మించి ఆయన "సార్ నంబర్ ఇవ్వండి మేడం, వివరాలు ఆయనతో మాట్లాడతాను" అన్నారు. ఆ సార్‌కే తెలియకూడదని వివరించవలసి వచ్చింది. ఇంకొకచోట ఉంగరాన్ని ఐస్‌క్రీములో పెట్టి తెస్తామన్నారు. ఆకలి మీద ఉన్న మనిషికి ఇచ్చే తినుబండారంలో బంగారం దాచడం ఎవరి ఆలోచనో గాని, అంతకన్నా ప్రమాదకరమైన ఏర్పాటు నాకు తోచదు. ఇలాంటి సందర్భంలో రెస్టారెంటు చేయగల గొప్ప సాయం ఏమీ చేయకపోవడమే. దానికి వాళ్లను ఒప్పించడమే కష్టం.

అందుకని తరువాత వెళ్లిన చోట్ల పెళ్లి ఊసు ఎత్తకుండా, ఒక ముఖ్యమైన విషయం మాట్లాడుకోవాలి, మధ్యలో ఎవరూ రాకూడదని మాత్రమే చెప్పాను. ప్రతిచోటా మేము రాబోయే వేళకే వెళ్లి, అడిగిన కుర్చీలో కూర్చుని చూశాను. నిలబడినప్పుడు కనిపించే సముద్రం కూర్చుంటే పిట్టగోడ వెనక మాయమవుతుంది. కొన్నిచోట్ల పిట్టగోడకు బదులు అద్దాలున్నా, అవి ఉప్పుగాలికి మసకబారి ఉంటాయి. మంచి మూల అనుకున్న టేబుల్ పక్కనే ఏసీ యూనిట్లు హోరుమంటుంటాయి. నెమ్మదిగా మాట్లాడినా ఎదుటివారికి వినపడుతుందా అన్నదే నేను పెట్టుకున్న పరీక్ష. ఎక్కువ రెస్టారెంట్లు అక్కడే తప్పిపోయాయి.

చివరికి ఒక హోటల్ మేడ మీది రెస్టారెంటు అన్ని విధాలా నచ్చింది గాని, అక్కడ రాత్రి భోజనం ఏడింటికి మొదలవుతుంది. మా చంద్రోదయమేమో ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా ఉంది. మేనేజరు మొదట కుదరదన్నారు. తందూరీ పొయ్యి వేడెక్కేదాకా సూపు, వేపుళ్లు మాత్రమే అడుగుతామని, భోజనం ఏడు దాటాకే చెబుతామని అన్నాక ఒప్పుకున్నారు. బుకింగ్ నా పేరు మీదే చేయించి, అడ్వాన్సు నా ఫోన్ నుంచే పంపి, టేబుల్ నంబరు, ఆరు గంటల ప్రవేశం, స్పీకరు ఆపడం, కొవ్వొత్తికి గాజు చిమ్నీ, మినిమం బిల్లు పన్నుతో కలిపా విడిగానా అన్నవన్నీ వాట్సాప్‌లో రాయించుకున్నాను. చివరిది చిన్న విషయం కాదు. విడి రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతమే గాని, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్లోని రెస్టారెంటులో 18 శాతం.

ఆ సాయంత్రం చంద్రుడు నేను లెక్కవేసిన దానికన్నా కొద్ది నిమిషాలు ఆలస్యంగా కనిపించాడు, దిగంతం దగ్గర మంచుపొర ఉండటం వల్ల. ఆ ఆలస్యంలో అతను షిఫ్టుల మార్పు గురించి ఏదో చెబుతుంటే ఆపి, నేను అడగదలచింది అడిగేశాను. కాసేపు నవ్వాడు, తరువాత సరేనన్నాడు, ఆ తరువాతే తల తిప్పి చంద్రుణ్ణి చూశాడు. మా ఇద్దరి సంభాషణ ముగిసేదాకా, వడ్డన చూసుకునే కెప్టెన్ మెట్ల దగ్గరే నిలబడ్డాడు తప్ప దగ్గరికి రాలేదు. ఆ కెప్టెన్‌కు సంగతి తెలిసే ఉంటుందని నా అనుమానం.

బిల్లు మాత్రం అలవాటుగా అతని ముందే పెట్టారు. నేను తీసుకుని చూస్తే సర్వీస్ చార్జి వేసి ఉంది. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చిందని చెప్పగానే, మారుమాట లేకుండా తీసేసి కొత్త బిల్లు తెచ్చారు. మిగిల్చిన ఆ మొత్తాన్ని కెప్టెన్ చేతికే నేరుగా ఇచ్చాను. ఇంటికి వెళ్లే దారిలో మేము తేల్చుకున్నదేమిటంటే, వాళ్ల అమ్మగారితో అతనే మాట్లాడాలి, మా నాన్నగారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాలి, అదీ మాఘం వచ్చాకనే.