పులీ-మేకా, మా వాడూ, నా షుగరూ

మా వాడికి 15 ఏళ్ళు. ఆటిజం ఉంది. డాలస్‌లో వాడి స్నేహాలన్నీ నేనే కుదిర్చేదాన్ని. శనివారం ఎవరింటికి వెళ్ళాలో, వెళ్ళాక ఏం అడగాలో కాగితం మీద రాసిచ్చేదాన్ని. రాసినవన్నీ వరసగా అడిగేసి, "ఇంక పోదామా అమ్మా?" అనేవాడు.

మొన్న జూన్‌లో అనంతపురం పాతూరులో మా అమ్మ ఇంటికి వచ్చాం. దిగిన రోజే ఇంటినిండా చుట్టాలు. "పిల్లోడు పలకడేమ్మా?" "మొహంలోకి చూడడేం?" "నలుగురిలో వదిలితే అదే అలవాటవుతుందిలే!" ప్రేమతోనే అన్నారు. కానీ నలుగురి గోల వాడికి నిజంగా నొప్పి. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వంటింటి తలుపు వెనకే నిలబడిపోయాడు. ఆ రాత్రి నా షుగర్ 238. తిన్నది రెండు చపాతీలే. టెన్షన్‌కు కూడా షుగర్ పెరుగుతుందని డాక్టర్ చెప్పగా విన్నాను, ఆ రోజు మీటర్‌లో చూశాను.

మా అమ్మ మాత్రం వాణ్ణి ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున అరుగు మీద సుద్దముక్కతో పులి-మేక పటం గీసి, పులులకు మూడు గులకరాళ్ళు, మేకలకు 15 చింతపిక్కలు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మా వాడు వచ్చి వంగి, గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టాడు. 23. కాసేపటికి పక్కింటి పిల్లవాడు, 13 ఏళ్ళుంటాయి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేకలకు దూకే వీలు లేదు, అన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేయాలి. మా వాడు రోజూ మేకలనే కోరుకున్నాడు. వారం రోజులు వాళ్ళ మధ్య "నీ ఆట" తప్ప మాట లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పనీ లేదు, ఇద్దరి చూపూ పటం మీదే. నా కాగితాలతో ఇన్నేళ్ళు రానిది అక్కడ వచ్చింది.

నా షుగర్ పుస్తకం కూడా వాడి చేతిలోకే పోయింది. అంకెలంటే వాడికి ప్రాణం. ఉగ్గాని-బజ్జి తిన్న రెండు గంటలకు 221, రాగిసంగటి అయితే 176 అని గడులు గీసి రాశాడు. (సంగటి ఎంత తిన్నా పర్వాలేదనుకునే వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అదీ పిండే, ముద్ద సైజు చూసుకోవాలి.) ఒకరోజు బేనీషా మామిడిపండు కోస్తూ, మధ్యలో షుగర్ చూద్దామని వేలు గుచ్చుకుంటే 268 వచ్చి నాకు గుండె ఆగింది. వాడు "చెయ్యి కడుగు" అన్నాడు. కడిగి మళ్ళీ చూస్తే 159. వేలికి అంటిన మామిడి రసం కూడా షుగరే కదా.

నేను మాత్రం వాణ్ణి వదల్లేదు. ఆడుతున్నంతసేపూ తలుపు సందులోంచి చూస్తూనే ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, అన్నం తినకుండా అక్కడే నిలబడిపోయాను. ఆ మాత్ర వేసుకున్నాక తిండి తప్పకూడదు. షుగర్ పడిపోయి, చెమటలు పట్టి చేతులు వణికాయి. మంచినీళ్ళకు వచ్చిన మా వాడు నన్ను చూసి మీటర్ తెచ్చాడు. 62. గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపిచ్చి, ఫోన్‌లో 15 నిమిషాల టైమర్ పెట్టాడు. ఆ తర్వాత వాడంతట వాడే బయటికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండా, పక్కింటి పిల్లవాడితో అన్నాడు: "ఆట ఆపుదాం. మా అమ్మకు షుగర్ 62." ఇద్దరూ వచ్చి నాకు చెరోపక్క కూర్చున్నారు. టైమర్ మోగాక 94. పక్కింటి వాడు లేచి, "నువ్వు పోయి అన్నం తినత్తా, మేం ఆడుకుంటాం" అన్నాడు.

వెళ్ళి తిన్నాను. తలుపు దగ్గరికి మళ్ళీ పోలేదు.

ఇప్పుడు డాలస్‌లో ఆదివారం పొద్దున 8 గంటలకు, అక్కడ సాయంత్రం ఆరున్నరకు, వీడియో కాల్‌లో ఆడుకుంటారు. 23 చోట్లకూ మా వాడు నంబర్లు ఇచ్చాడు. నేను వంటింట్లో కూర్చుని టిఫిన్ తింటుంటే గదిలోంచి "ఏడు నుంచి పన్నెండు" అని వినిపిస్తుంది. మధ్యలో ఇంకేవో మాటలు కూడా ఉంటాయి. ఏమిటని నేను అడగను.