మా ఇంట్లో కేకుకు గుడ్డు లేదు, ఏప్రన్‌కు కుడి జేబు లేదు

ఇంట్లో చేసుకుంటే చవక అని కొందరు, ఆరోగ్యమని కొందరు అంటారు. నాకు రెండు మాటల మీదా పెద్ద నమ్మకం లేదు. కరెంటు, వెన్న, కత్తిరించి పారేసిన కాగితం, పోయిన ఆదివారం అన్నీ లెక్కేస్తే కొన్న కేకే చవక పడుతుంది. ఇక ఆరోగ్యమంటారా, నా చేత్తో వేసినంత మాత్రాన చక్కెర చక్కెర కాకుండా పోదు కదా. అయినా చేస్తూనే ఉంటాను. ఎందుకంటే అంగట్లో దొరికేది అందరికీ సరిపోయేలా చేసిన వస్తువు. మా ఇంట్లో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. అక్క కొడుక్కి గుడ్డు పడదు. అత్తయ్యగారికి బీపీ. మా ఆయనది ఎడమచేతి వాటం. తమ్ముడి పాపకు ఇంకా ఏడాది నిండలేదు. వీళ్లలో ఎవరి కోసమో చెప్పలేని పని అయితే నేను మొదలే పెట్టను, కొనేస్తాను.

ముందు గుడ్డు సంగతి. మామూలు కేకు వంటకం తీసుకుని అందులోంచి గుడ్లు తీసేస్తే కేకు రాదు, తియ్యటి అట్టముక్క వస్తుంది. కేకులో గుడ్డు చేసే పనులు చాలా ఉన్నాయి. దానిలోని ప్రొటీన్ వేడికి గట్టిపడి కేకును నిలబెడుతుంది. గిలక్కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచుతుంది. పచ్చసొన నూనెనూ నీళ్లనూ విడిపోకుండా కలిపి ఉంచుతుంది. ఇన్ని పనులు చేసేదాన్ని తీసేసి ఆ చోట అరటిపండు గుజ్జు పెడితే కేకుకు అరటిపండు వాసన రావడం తప్ప మరేమీ ఒరగదని నా అభిప్రాయం. అరటిపండు కేకే కావాలనుకుంటే అది వేరే మాట. అందుకని నేను అసలు గుడ్డుతో పనే లేని వంటకాలు వెతుక్కుంటాను.

అలాంటివాటిలో నాకు బాగా నచ్చింది అమెరికాలో వాకీ కేక్, క్రేజీ కేక్ అని పిలుచుకునే చాక్లెట్ కేకు. గుడ్లు, పాలు, వెన్న పొదుపుగా వాడుకోవాల్సి వచ్చిన రోజుల్లో అక్కడి ఇళ్లలో ఇది బాగా నడిచింది. ఈ మూడూ ఇందులో ఉండవు. మైదా 190 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, కోకో పొడి 20 గ్రాములు, వంటసోడా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను కలిపి జల్లించుకోవాలి. ఇంకో గిన్నెలో నీళ్లు 240 మిల్లీలీటర్లు, నూనె 80 మిల్లీలీటర్లు, వెనిగర్ ఒక టేబుల్‌స్పూను, కాస్త వెనిలా. రెండూ కలిపి, పొడి పిండి కనబడకుండా పోయేదాకా తిప్పి ఆపేయాలి. ఎక్కువసేపు తిప్పితే మైదాలో గ్లూటెన్ అనే జిగట ప్రొటీన్ పెరిగి కేకు సాగుతుంది. 20 సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో పోసి, 180 డిగ్రీల వేడిలో 30 నుంచి 35 నిమిషాలు ఉంచితే చాలు.

ఇందులో కంగారు పెట్టే మెలిక ఒకటే. సోడా, వెనిగర్ కలిసిన క్షణం నుంచే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టడం మొదలవుతుంది. ఆ బుడగలే కేకును పొంగించాలి. అందుకే ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. పిండి కలిపాక ఫోన్ మోగినా ఎత్తకూడదు. బేకింగ్ పౌడర్ వేసే కేకులకు ఇంత టెన్షన్ ఉండదు. అందులో సోడాతో పాటు ఆమ్లం కూడా పొడి రూపంలో ఉంటుంది. ఇప్పుడు దొరికే చాలా రకాల్లో ఆ ఆమ్లంలో కొంత భాగం వేడి తగిలాకే పనిచేస్తుంది కాబట్టి పిండి కాసేపు ఆగుతుంది. డబ్బా పాతదైతే ముందు ఒక చెంచా పొడి వేడినీళ్లలో వేసి చూస్తాను. బుసబుస పొంగకపోతే దానితో కేకు చేయను.

ఈ బేకింగ్ పౌడర్ కథ నాకు చాలా ఇష్టం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారుడు ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు పడదు, ఈస్టూ పడదు. 1837లో ఆమె కోసం కార్న్‌ఫ్లోర్‌తో గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశాడు. 1843లో ఈస్ట్ లేకుండా రొట్టె పొంగడానికి బేకింగ్ పౌడర్ చేశాడు. రెండూ ఒక ఇంట్లో ఒక మనిషికి పడక పుట్టినవే. అక్క ఎప్పుడైనా 'నా కొడుకు వల్ల మీ అందరికీ ఇబ్బంది' అని మొదలుపెడితే, ఈ బర్డ్‌గారి పేరు చెప్పి నోరు మూయిస్తాను.

వాడికి విడిగా చిన్న కేకు చేసి, మిగతావాళ్లకు గుడ్డు కేకు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పిల్లవాడు ఎవరి పుట్టినరోజుకు వెళ్లినా తల్లి ఇచ్చిన డబ్బా తెరుచుకుని ఒక మూల కూర్చుంటాడు. పిన్ని ఇంట్లోనైనా అందరూ తినేదే తినాలి. పైన పూతకు డార్క్ చాక్లెట్, వేడి క్రీమ్ సమాన బరువుల్లో తీసుకుని, కరిగి నిగనిగలాడేదాకా కలిపి పోస్తాను. వెన్నలో పొడి చక్కెర కలిపే ఐసింగ్ కన్నా తీపి తక్కువ, పని కూడా తక్కువ. కొన్న ప్రతి ప్యాకెట్ మీదా చిన్న అక్షరాలు చదవడం మాత్రం తప్పదు. గుడ్డు అల్బుమిన్ అనే పేరుతోనూ ఉంటుంది. బన్నుల మీద నిగారింపు కోసం పూసిన పూతలోనూ ఉంటుంది. మా ఇంట్లో ఆమ్లెట్ గిలక్కొట్టే విస్క్‌కు ఎర్రదారం కట్టి ఉంటుంది. అది కేకు గిన్నె దరిదాపుల్లోకి రాదు.

పండగ రోజుకు కేకు ఎలాగో రోజువారీకి రొట్టె అలాగ. మైదా 500 గ్రాములు, నీళ్లు 325, పొడి ఈస్ట్ 5, ఉప్పు 5. మామూలుగా ఈ పిండికి 10 గ్రాముల ఉప్పు వేస్తారు, నేను సగానికి తగ్గించాను. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రొట్టెలో ఉన్న ఉప్పు నాలుకకు పెద్దగా తెలియదు కాబట్టి ఎవరూ లెక్కలో వేసుకోరు. రొట్టెను 16 ముక్కలు కోస్తే, పాత కొలతలో ఒక్కో ముక్కకు 0.6 గ్రాములు పైచిలుకు వస్తుంది. రెండు ముక్కలకే రోజు వాటాలో నాలుగో వంతు అయిపోయినట్టు.

అయితే ఉప్పు రుచికే అనుకోవద్దు. అది ఈస్ట్ వేగానికి కళ్లెం వేస్తుంది, పిండికి బిగువునిస్తుంది. ఉప్పు తగ్గితే పిండి తొందరగా పొంగి, మెత్తబడి, చేతికి అంటుకుంటుంది. గడియారం చూసి కాకుండా పిండిని చూసి తీయాలి. నేను దాన్ని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. చలికి ఈస్ట్ నిదానిస్తుంది. తెల్లారేసరికి పిండికి కాస్త పులుపు, వాసన వస్తాయి. ఉప్పు తగ్గిన లోటు అలా కొంత పూడుతుంది. వేయించిన నువ్వులు పైన చల్లితే మిగతాది పూడుతుంది. పిండి కొద్దీ రొట్టె అంటారు, మా ఇంట్లో అత్తయ్యగారి బీపీ కొద్దీ కూడా. ఆవిడ మొదట్లో 'చప్పగా ఉందమ్మా' అన్నారు. ఇప్పుడు అనడం లేదు. అలవాటైందో, నన్ను చూసి ఊరుకున్నారో అడగలేదు.

ఒక మాట, కాల్చిన రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలిలో పిండిపదార్థం బయటికన్నా త్వరగా గట్టిపడుతుంది. రెండు రోజుల్లో అయిపోదనుకుంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు తీసి టోస్ట్ చేసుకోవడమే.

కుట్టుపనికి వస్తే, ఏప్రన్. మా ఇంట్లో వారాంతంలో వంట మా ఆయనదే. కొన్న ఏప్రన్లు ఎన్నో చూశాం, జేబు నడిమధ్యనో కుడివైపునో ఉంటుంది. ఎడమచేత్తో కుడి జేబులోంచి చెంచా తీయాలంటే మనిషి మెలికలు తిరగాలి. అందుకే ఎడమవైపు జేబు, దాని పక్కన తువ్వాలు తగిలించుకోవడానికి ఒక పట్టీ పెట్టి కుట్టాను. గుడ్డకు పాత దుప్పటే మేలు. కొత్త కాటన్ మొదటి ఉతుకులకు కుదించుకుపోతుంది, దుప్పటి ఆ పని ఎప్పుడో ముగించుకుని ఉంటుంది. చంకల దగ్గర వంపుకు అంచు పట్టీని నేతకు 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించుకోవాలి. ఏటవాలు గుడ్డ సాగుతుంది కాబట్టి వంపులో ముడతలు పడకుండా ఒదుగుతుంది. నిలువుగా కోసిన పట్టీతో ఎంత కుస్తీ పట్టినా ఆ అందం రాదు. జేబు పై మూలల్లో చిన్న త్రికోణం కుట్టు వేస్తే చేయి దూర్చి దూర్చి చిరగదు. మెడ పట్టీని రెండు రింగుల్లోంచి పోనిచ్చాను. దాంతో అదే ఏప్రన్ మా అమ్మాయికీ పొట్టి చేసి కట్టొచ్చు. జేబు తప్పు వైపు ఉందని ఆ పిల్ల ఫిర్యాదు.

కత్తెర మాత్రం ఇంట్లో చేసుకునేది కాదు, ఎడమచేతి కత్తెర కొనాల్సిందే. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే పిడికిలి బిగువుకు రెండు అలుగులూ దగ్గరకు రావాల్సింది పోయి దూరమవుతాయి. పైగా పై అలుగు గీతను కప్పేస్తుంది. చిన్నప్పటి నుంచీ 'నీకు కత్తిరించడం చేతకాదు' అనిపించుకున్న మనిషి, సరైన కత్తెర చేతికొచ్చాక కాగితం తోరణాల డిపార్ట్‌మెంట్ మొత్తం తీసేసుకున్నారు.

ఆ డిపార్ట్‌మెంట్‌లో మా అమ్మాయి సూపర్‌వైజర్. బెలూన్లు పేలితే అత్తయ్యగారి గుండె ఝల్లుమంటుంది కాబట్టి మా పుట్టినరోజులన్నీ కాగితంతోనే. కాగితానికి కూడా గుడ్డలాగే ఒక నేత దిక్కు ఉంటుంది. చింపి చూడండి, ఒక వైపు తిన్నగా చిరుగుతుంది, రెండో వైపు వంకరటింకరగా. తిన్నగా చిరిగే దిక్కులో మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే దళసరి కాగితం మడత మీద పెళుసుబారి పగులుతుంది. గ్రీటింగ్ కార్డులు చేసేటప్పుడు ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అందంగా అయిపోతుంది. అంటించడానికి ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, చిక్కబడి నిగారింపు వచ్చేదాకా సన్నమంట మీద ఉడికించిన జిగురు వాడతాం. పిల్లల వేళ్లకు అంటినా భయం లేదు, ఫ్రిజ్‌లో కొద్ది రోజులు ఉంటుంది, బూజు పట్టగానే పారేస్తాం. అక్షరాలు మాత్రం ఏటా కొత్తగా కత్తిరించం. ఒక కవరులో దాచిన అక్షరాలతోనే అందరి పేర్లూ కూర్చుతాం. మా ఇంటి పేర్లలో 'శ్రీ' ఎక్కువ, దానికే నాలుగు నకళ్లు.

తమ్ముడి పాపకు బొమ్మ కుట్టేటప్పుడు బొత్తాల కళ్లు పెట్టలేదు, దారంతోనే కుట్టాను. ఊడిన బొత్తాం గొంతులోకి పోతుంది. పాప వచ్చే రోజు చేసే ఓట్స్ బార్లలో తేనె కూడా వేయను, ఖర్జూరం గుజ్జు వేస్తాను. ఏడాది లోపు పిల్లలకు తేనె బొట్టు కూడా నాకించకూడదు, బొట్యులిజం అనే జబ్బు ప్రమాదం. పెద్దవాళ్ల పళ్లెంలోంచి ఎవరో ఒకరు ముద్దుగా ఓ ముక్క నోట్లో పెట్టేస్తారు, అందుకే బల్ల మీదకే రానివ్వను.

సబ్బులు, కొవ్వొత్తులు ఎందుకు చేయవని అడుగుతుంటారు. సబ్బుకు కాస్టిక్ సోడా కావాలి, అది చర్మాన్ని కాల్చేస్తుంది. కరిగిన మైనానికి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పోస్తే భగ్గుమంటుంది. పిల్లలు తిరిగే వంటింట్లో నాకు ఆ సాహసాలు వద్దు. వాటిని కొన్నదానికన్నా మెరుగ్గా చేయాల్సిన మనిషి కూడా మా ఇంట్లో ఎవరూ లేరు. ఇక రెజిన్, మట్టి నగలు, మక్రమే కిట్లు అంటారా, ఆరంభశూరత్వానికి మా అటకే సాక్ష్యం. వాటి గురించి ఇంకేమీ రాయను.

వచ్చే నెలలో అత్తయ్యగారి పుట్టినరోజు. అందరూ వస్తున్నారు. పూత లేని కేకు గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే చక్కగా ఆగుతుంది కాబట్టి అది వారం ముందే అయిపోతుంది. బన్నుల పిండి ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి. ఆ రోజు మిగిలేది చాక్లెట్ పూత, కూరగాయల సూప్, బన్నులు కాల్చడం, తోరణాలు కట్టడం. పండగ రోజంతా పొయ్యి దగ్గరే నిలబడి, భోజనాలయ్యాక 'అలసిపోయావే పాపం' అనిపించుకునే గృహిణిని కావడం నాకిష్టం లేదు. తోరణాలు కావాలనే సగంలో వదిలేస్తాను. ముందొచ్చిన చుట్టాల చేతికి కాగితం, జిగురు గిన్నె ఇచ్చి కూర్చోబెట్టాలి. ఖాళీగా ఉంచితే వంటింట్లోకి వచ్చి సూప్‌లో ఉప్పు తక్కువైందంటారు.