ఏంజెల్ దీవి గోడల ముందు

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో, టిబురాన్ రేవు నుంచి ఏంజెల్ దీవికి పడవ ప్రయాణం పట్టుమని పావుగంట కూడా ఉండదు. ఆ కాస్త దూరానికి కుటుంబమంతటికీ అయిన టికెట్ల ఖర్చు చూసి మనసు చివుక్కుమంది. పాత ఇమిగ్రేషన్ స్టేషన్ దీవికి అవతలి పక్కన ఉందనీ, మైలుకు పైగా కొండదారిన నడవాలనీ దిగాక తెలిసి చిరాకు కూడా కలిగింది. మాతో దిగినవారిలో చాలామంది సైకిళ్ళతో, తినుబండారాల సంచులతో వేరే దారి పట్టారు.

1910 నుంచి 1940 వరకు పసిఫిక్ దాటి వచ్చిన చైనీయులను ఈ చెక్క భవనంలోనే నిర్బంధించేవారు. న్యూయార్క్‌లోని ఎల్లిస్ దీవిలో దిగిన యూరోపియన్లలో చాలామంది కొద్ది గంటల్లోనే బయటపడితే, ఇక్కడ వారాలు, నెలలు గడిచిపోయేవి. 1882 నాటి బహిష్కరణ చట్టం చైనా కూలీల రాకను నిషేధించి, వర్తకులు, విద్యార్థులు, అమెరికా పౌరుల సంతానం వంటి కొద్దిమందికే దారి మిగిల్చింది. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో రికార్డులు కాలిపోవడంతో కొందరు తాము అమెరికాలోనే పుట్టామని చెప్పుకొని, లేని కొడుకులను కాగితాల మీద చూపి, ఆ స్థానాలను ఇతరులకు అమ్మారు. ఆ 'కాగితపు కొడుకుల'ను పట్టుకోవడానికి అధికారులు వేసిన ప్రశ్నలు చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. మీ ఇంటికి మెట్లెన్ని, బియ్యపు డబ్బా ఎక్కడ ఉంటుంది, మీ వరుసలో మూడో ఇల్లు ఎవరిది అని అడిగి, తండ్రి చెప్పిన జవాబుతో పోల్చి చూసేవారు. పెద్దాపురంలో మా అమ్మమ్మగారి ఇంటికి మెట్లెన్నో నన్నడిగితే, ఆమె సొంత మనవడినై ఉండి కూడా నేను చెప్పలేను. నిజమైన కొడుకులు కూడా ఇలాగే తడబడి వెనక్కి వెళ్ళిన సందర్భాలున్నాయి.

గోడల నిండా, పుట్టీ, రంగుల పొరల కింద, ఖైదీలు చెక్కిన చైనీస్ పద్యాలు కనిపిస్తాయి. 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు రేంజర్ వీటిని గుర్తించకపోతే ఈ భవనాన్ని కూల్చేసేవారే. మా పక్కన నిలబడి చూస్తున్న ఒక చైనీస్ అమెరికన్ పెద్దావిడ, తన తాతగారి సమాధిరాయిపై ఇంగ్లీషులో కాగితపు పేరూ, చైనీస్‌లో అసలు పేరూ చెక్కించామని చెప్పింది. 1956లో ప్రభుత్వం నిజం ఒప్పుకొమ్మని పిలిచినా ఆయన వెళ్ళలేదట, తాను నోరు విప్పితే బంధువులందరూ బయటపడతారని.

మా ఊరు ఫ్రీమాంట్ తిరిగి వచ్చాక ఈ సంగతి చెబితే, "మనం చట్టప్రకారం వచ్చాం, వాళ్ళ సంగతి వేరు" అని మా మిత్రులొకరు తేల్చేశారు. నాకు చాలా కష్టం వేసింది. చట్టం దారి మూసేసినందువల్లే ఆ కొడుకులు కాగితాల మీద పుట్టారు. ఆ నిషేధం 1943లో, చైనా యుద్ధమిత్రురాలు అయ్యాకే రద్దయింది, అదీ ఏడాదికి 105 మందికే. మనవాళ్ళకూ 1917 చట్టం తలుపు మూసింది, 1923లో పంజాబ్ నుంచి వచ్చిన భగత్‌సింగ్ థింద్‌కు అమెరికా సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది, 1946లో భారతీయులకు దక్కిన కోటా 100. మా మిత్రులు వచ్చిన విశాలమైన దారి 1965 చట్టం తెరిచినది. పుట్టిన దేశాన్ని బట్టి గ్రీన్ కార్డులకు 7 శాతం పరిమితి పెట్టి, ఆయన తమ్ముణ్ణి ఏళ్ళ తరబడి వరుసలో నిలబెట్టినది కూడా చట్టమే.